టెక్ సందేహాలు: మైనస్ 25 చలిలో మీ ఫోన్ బతకాలంటే

డిసెంబరు, జనవరి నెలల్లో బీజింగ్, షెన్యాంగ్, హార్బిన్ చుట్టి రావాలనుకునేవాళ్ల ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఉత్తర చైనాలో ఫోనే పర్సు, ఫోనే దారి చూపేది, ఫోనే దుబాసీ. ఆ ఫోన్‌కేమో చలి బొత్తిగా పడదు. కాబట్టి బ్యాటరీతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: జనవరిలో మంచు కోటలకు పేరుపడ్డ హార్బిన్ ఐస్ అండ్ స్నో వరల్డ్ పార్కు చూడబోతున్నాం. 60 శాతం చార్జింగ్ ఉన్నా ఫోన్ టప్పున ఆగిపోతుందని విన్నాను. నిజమేనా? కొత్త బ్యాటరీ వేయించుకోవాలా?

జవాబు: నిజమే. లిథియం అయాన్ బ్యాటరీలో అయాన్లు ఒక ద్రవంలోంచి అటూ ఇటూ కదులుతాయి. చలికి ఆ ద్రవం చిక్కబడి లోపలి నిరోధం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మీరు కెమెరా తెరిస్తే ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. అంతేగానీ చార్జింగ్ ఎక్కడికీ పోలేదు. లోపలి జేబులో పావుగంట వెచ్చగా ఉంచి ఆన్ చేస్తే చాలావరకు తిరిగి కనిపిస్తుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. హార్బిన్‌లో జనవరి రాత్రి మైనస్ 20 కిందికి దిగడం మామూలే. పైగా అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. మంచు కోటల్లో దీపాలు వెలిగాకే అసలు అందం కాబట్టి ఫోటోలన్నీ బాగా చలిగా ఉన్న వేళే తీయాల్సి వస్తుంది.

పాత బ్యాటరీకి లోపలి నిరోధం ముందే ఎక్కువ. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం దగ్గర ఉంటే బయల్దేరేముందు మార్పించుకోండి. 90 దాటి ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు, ఫోన్ ఎక్కడ పెట్టుకుంటున్నారన్నదే ముఖ్యం. పైకోటు బయటి జేబు ఫ్రిజ్‌లాంటిది. కోటు కింద ఫ్లీస్ జాకెట్ జేబులో, ఒంటికి ఆనుకునేలా పెట్టండి. తీయండి, నాలుగు ఫోటోలు కొట్టండి, మళ్లీ లోపల పెట్టండి. చేతిలో పట్టుకుని పావుగంట వీడియో తీస్తే మాత్రం ఏ ఫోనూ హామీ ఇవ్వదు. 5జీ బదులు 4జీ పెట్టుకోవడం, హాట్‌స్పాట్ ఆపేయడం కూడా కాస్త సాయపడతాయి.

అక్కడి దుకాణాల్లో ఒంటికి అంటించుకునే వేడి ప్యాచ్‌లు దొరుకుతాయి. వాటిలోని ఇనుప పొడి గాలి తగలగానే తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. బయట ఉన్నంతసేపు ఫోన్ కవర్ వెనక ఒకటి అంటించుకోవచ్చు. లోపలికి రాగానే పీకేయండి. మూసిన జేబులో ప్యాచ్ 50 డిగ్రీలు దాటగలదు, అంత వేడి బ్యాటరీకి చలికన్నా చెడ్డది.

ఇంకో మాట. గడ్డకట్టిన ఫోన్‌ను వెంటనే చార్జింగ్‌కు పెట్టకండి. సున్నా కన్నా తక్కువలో చార్జ్ చేస్తే లిథియం ఎలక్ట్రోడ్ లోపలికి చేరకుండా దాని పైనే లోహపు పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం శాశ్వతం. చాలా ఫోన్లు చల్లగా ఉంటే చార్జింగే తీసుకోవు, అది లోపం కాదు, రక్షణ. హోటల్‌కి చేరాక అరగంట ఆగి కేబుల్ పెట్టండి. దారిలో తప్పదనుకుంటే ఫోనూ పవర్‌బ్యాంకూ రెండూ ఒకే లోపలి జేబులో, పొట్టి కేబుల్‌తో కలిపి ఉంచండి. పవర్‌బ్యాంక్‌లోనూ ఉన్నది అదే రకం బ్యాటరీ కదా, దాన్ని బ్యాగులో వదిలేస్తే అదీ మొరాయిస్తుంది.

ప్రశ్న: మా దగ్గర ఇక్కడ కొన్న 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఉంది. చైనా విమానాల్లో లాక్కుంటున్నారట?

జవాబు: సామర్థ్యంతో గొడవ లేదు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్. చేతి సామానులో 100 దాకా అనుమతి ఉంది. చిక్కు ముద్రతో వస్తుంది. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ ముద్ర (అక్కడి భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని, లేదా ముద్ర చెరిగిపోయిన, లేదా కంపెనీ వెనక్కి పిలిపించిన పవర్‌బ్యాంకులను తీసుకెళ్లనివ్వరు. మన బీఐఎస్ ముద్ర దానికి బదులు కాదు. బీజింగ్ నుంచి హార్బిన్‌కు విమానం ఎక్కేవాళ్లు భద్రతా తనిఖీ దగ్గర దాన్ని వదిలేసుకోవాల్సిందే. 3సీ ముద్ర స్పష్టంగా ఉన్నది బీజింగ్‌లోనే ఒకటి కొనుక్కోండి. అదీ వద్దనుకుంటే రెస్టారెంట్లు, మాల్స్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అద్దెకు తీసుకునే పవర్‌బ్యాంకులు ఉంటాయి. ఒకచోట తీసుకుని అదే కంపెనీ స్టాండు ఇంకోచోట కనిపిస్తే అక్కడ తిరిగిచ్చేయొచ్చు. ఏ పవర్‌బ్యాంకునైనా చెక్ ఇన్ బ్యాగులో పెట్టకూడదు.

ప్రశ్న: ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ పనికొస్తాయా? క్రెడిట్ కార్డు చాలదా?

జవాబు: యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. పెద్ద హోటళ్లు తప్ప చిన్న దుకాణాల్లో విదేశీ కార్డు గీకే యంత్రమే ఉండదు. అక్కడ అందరూ చెల్లింపులకు వాడే యాప్‌లు అలీపే, వీచాట్. రెండూ ఇక్కడే వేసుకోండి. మీ భారతీయ నంబరుతో ఖాతా తెరిచి, పాస్‌పోర్టు ఫోటోతో గుర్తింపు పూర్తి చేసి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ జోడించండి. కార్డు జోడించేటప్పుడు ఓటీపీ వస్తుంది కాబట్టి ఈ పని విమానం ఎక్కాక కాదు, కనీసం వారం ముందు చేయండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే: కార్డు చక్కగా జోడించబడుతుంది, తీరా చెల్లించబోతే తిరస్కరణ. కారణం చాలాసార్లు బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసేసే ఇస్తారు. ‘ఇంటర్నేషనల్’, ‘ఆన్‌లైన్’ రెండు మీటలూ తెరిచి, పరిమితి పెంచుకోండి. ‘కార్డును యంత్రంలో వాడటం’ ఒక్కటే తెరిస్తే సరిపోదు, ఎందుకంటే అలీపే చెల్లింపు బ్యాంకుకు ఆన్‌లైన్ లావాదేవీగానే కనిపిస్తుంది. ఒక బ్యాంకు కార్డు అలీపేలో, వేరే బ్యాంకుది వీచాట్‌లో పెట్టుకుంటే ఒకటి ఆగినా ఇంకొకటి ఆదుకుంటుంది.

విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు చెల్లింపుకు రుసుము లేదు. దాటితే 3 శాతం పడుతుంది. దాని పైన మీ బ్యాంకు విదేశీ మారక రుసుము, దాని మీద జీఎస్టీ. కాబట్టి హోటల్ బిల్లులాంటి పెద్ద మొత్తాలకు కార్డు యంత్రం ఉందేమో ముందు అడగండి. రూపాయల్లోనా యువాన్‌లోనా అని యంత్రం అడిగితే యువాన్ ఎంచుకోండి.

విదేశీ కార్డు జోడించిన ఖాతాతో వ్యక్తులకు డబ్బు పంపడం కుదరదు, దుకాణాలకే. అందుకే చక్కెర పాకం పూసిన హాథార్న్ పళ్ల పుల్లలు అమ్మే బండి దగ్గర ఒక్కోసారి స్కాన్ విఫలమవుతుంది. నగదు తిరస్కరించడం చైనాలో నిబంధనలకు విరుద్ధమే గానీ వందనోటుకు చిల్లర దొరకడం కష్టం. 10, 20 యువాన్ల నోట్లు ఒక 500 దాకా ఉంచుకోండి. ఫోన్ గడ్డకట్టి ఆగిన పూట టాక్సీకి అవే దిక్కు.

ప్రశ్న: వాట్సాప్, గూగుల్, జీమెయిల్ అక్కడ తెరుచుకోవట. వీపీఎన్ కొనుక్కోవాలా?

జవాబు: స్థానిక సిమ్‌తో, హోటల్ వైఫైతో తెరుచుకోవు. అడ్డగించిన సైట్లను తెరిపించే వీపీఎన్‌లు అనుమతి లేనివైతే అక్కడ చట్టవిరుద్ధం, దాని జోలికి పోవాల్సిన పనీ లేదు. మన సిమ్ రోమింగ్‌లో ఉన్నప్పుడు డేటా ముందు మన ఆపరేటర్ దాకా వెళ్లి అక్కణ్నుంచి ఇంటర్నెట్‌లోకి అడుగుపెడుతుంది. కాబట్టి వాట్సాప్ మామూలుగానే నడుస్తుంది. ప్రయాణికుల కోసం అమ్మే రోమింగ్ రకం ఈసిమ్‌లదీ (ఫోన్‌లోకి దించుకునే డిజిటల్ సిమ్‌లు) ఇదే పద్ధతి, ధర తరచుగా తక్కువ. కొనేటప్పుడు ‘చైనా ప్రధాన భూభాగంలో పని చేస్తుంది’ అని రాసి ఉందో లేదో చూడండి. హాంకాంగ్ ఒక్కదానికే పనికొచ్చేవీ ఉన్నాయి.

అమరిక ఇలా చేసుకోండి. భారతీయ సిమ్‌కు రోమింగ్ ఆన్ చేయించి, దాని మొబైల్ డేటా ఆపేసి, ఓటీపీల కోసం మాత్రమే ఉంచండి. డేటా అంతా ఈసిమ్ మీద. ఈసిమ్‌ను ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసి, దిగాక ఆన్ చేయండి. అంతా బాగానే ఉండి హఠాత్తుగా వాట్సాప్ మూగబోయిందంటే తొంభై పాళ్లు ఫోన్ తనంతట తాను హోటల్ వైఫైకి అతుక్కుని ఉంటుంది. వైఫై ఆపండి, సరిపోతుంది. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ కూడా ఆ వైఫైలో జరగదు. ప్లే స్టోర్ తెరుచుకోదు కాబట్టి కావాల్సిన యాప్‌లు, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో సరళ చైనీస్, ఇంగ్లిష్ ఆఫ్‌లైన్ ఫైళ్లు ముందే దించుకోండి.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్‌లో చైనా చూస్తుంటే రోడ్లు శాటిలైట్ బొమ్మకు పక్కగా జరిగి కనిపిస్తున్నాయి. ఏమిటిది?

జవాబు: మీ ఫోన్ తప్పు కాదు. చైనా చట్టం ప్రకారం అక్కడి పటాలు జీసీజే-02 అనే పద్ధతిలో ఉండాలి. అది అసలు అక్షాంశ రేఖాంశాలను కావాలనే కొన్ని వందల మీటర్లు పక్కకు జరుపుతుంది. జీపీఎస్ ఒకటి చెబితే పటం మరొకటి చూపిస్తుంది. మైనస్ 20లో అయిదు వందల మీటర్ల తేడా అంటే చిన్న విషయం కాదు! చైనా వాళ్ల మ్యాప్ యాప్ ఆమ్యాప్ వాడండి, ఇంగ్లిష్‌లో ఉంది. ఐఫోన్‌లోని ఆపిల్ మ్యాప్స్ కూడా చైనాలో ఆమ్యాప్ సమాచారమే వాడుతుంది, బాగానే ఉంటుంది. టాక్సీ పిలవడానికి దీదీ అనే సేవ అలీపే లోపలే ఉంది. హోటల్ పేరు, చిరునామా చైనీస్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఇంకా మంచిది ఒక కాగితం మీద.

ప్రశ్న: రైలు టికెట్లు సొంతంగా తీసుకోవచ్చా? పాస్‌పోర్టులో మా పేర్లు చాలా పొడుగు.

జవాబు: చైనా రైల్వే 12306 సైట్, యాప్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ప్రయాణానికి 15 రోజుల ముందు టికెట్లు తెరుస్తారు. పాస్‌పోర్టు పరిశీలన ఒక్కోసారి ఆలస్యమవుతుంది కాబట్టి ఖాతా అంతకన్నా ముందే తెరవండి. ‘వెంకట సాయి సత్య’ లాంటి మూడు నాలుగు ముక్కల పేర్లు, ఇంటిపేరు ఎటు పెట్టాలన్న తికమక మనకు ఎప్పుడూ ఉన్నదే. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున రెండు వరుసల కోడ్ ఉంటుంది చూడండి, యంత్రం చదివేది దాన్నే. అందులో ఇంటిపేరు, తర్వాత రెండు గుర్తులు, తర్వాత పేరు. అదే వరుసలో, అవే అక్షరాలతో ఇవ్వండి.

కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. స్థానికుల గుర్తింపు కార్డుల గేటు మీ పాస్‌పోర్టు చదవకపోతే సిబ్బంది ఉన్న పక్క దారికి వెళ్లండి. స్టేషన్ పేరు రెండుసార్లు చూసుకోండి. హార్బిన్ వైపు వెళ్లే వేగవంతమైన రైళ్లు ఎక్కువగా బీజింగ్ చావోయాంగ్ నుంచి బయల్దేరతాయి, బీజింగ్ స్టేషన్, బీజింగ్ సౌత్ వేరు. వేగవంతమైన రైలు అయిదు గంటల లోపే హార్బిన్ చేరుస్తుంది, సీట్ల దగ్గర ప్లగ్గులుంటాయి, ఫోన్ నింపుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. 2027లో చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 6న. దానికి ముందూ వెనకా టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి.

బీజింగ్ రాజప్రాసాదం, అంటే ఫర్బిడెన్ సిటీ టికెట్‌కూ ఇదే జాగ్రత్త. పాస్‌పోర్టు వివరాలతో ఏడు రోజుల ముందు, అక్కడి రాత్రి 8 గంటలకు తెరుస్తారు. మనకది సాయంత్రం 5.30. సోమవారం సెలవు. శీతాకాలంలో ధర 40 యువాన్లు.

ప్రశ్న: మిర్రర్‌లెస్ కెమెరా తీసుకెళ్తున్నా. చలికి పాడవుతుందా?

జవాబు: చలికన్నా వెచ్చటి గది ప్రమాదం. మైనస్ 25 నుంచి 22 డిగ్రీల గదిలోకి రాగానే గాలిలోని తేమ చల్లటి లెన్స్ మీద, లోపలి గాజు మీద కూడా నీరుగా మారుతుంది. మళ్లీ బయటికి వెళ్తే అది గడ్డకడుతుంది. విరుగుడు తేలిక: బయట ఉండగానే మెమరీ కార్డు, బ్యాటరీ తీసేసి, కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో గాలి పిండేసి మూయండి. గదిలో గంటా రెండు గంటలు తెరవకండి. అప్పుడు నీరు సంచి పైన చేరుతుంది, కెమెరా మీద కాదు. కాసేపు కాఫీ తాగడానికి లోపలికి వెళ్లినా కెమెరాను సంచిలోనే ఉంచండి.

అదనపు బ్యాటరీలు రెండు, ఒంటికి ఆనుకునే జేబులో ఉంచి మార్చుకుంటూ ఉండండి. పగటి మంచును కెమెరా బూడిద రంగుగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ 1 నుంచి 1.7 దాకా పెంచండి. రాత్రి దీపాల మంచు కోటలకు తగ్గించాల్సి రావచ్చు, దీపాల దగ్గర తెల్లగా మండిపోతుంది. వ్యూఫైండర్ మీద ఊపిరి వదిలితే మంచు పట్టేస్తుంది. లోహపు ట్రైపాడ్ కాళ్లకు ఫోమ్ చుట్టండి, పట్టుకోలేరు.

చిన్న ప్రశ్నలు కొన్ని: అక్కడ కరెంటు 220 వోల్టులే, మన గుండ్రటి మూడు పిన్నులు పట్టవు, బల్లపరుపు పిన్నుల అడాప్టర్ చాలు. గ్లౌజులతో తాకితే ఫోన్ స్పందించకపోతే సెట్టింగ్స్‌లో స్పర్శ సున్నితత్వం పెంచే మీట వెతకండి, వేలిముద్ర చలికి పొడిబారి పట్టదు, పిన్ నంబరు గుర్తుంచుకోండి. హీటర్ల గదుల్లో గాలి బాగా పొడిగా ఉండి చిటుక్కున షాక్ కొడుతుంది, కేబుల్ పెట్టేముందు ఏదైనా లోహాన్ని తాకండి. స్మార్ట్‌వాచ్‌ను కోటు చెయ్యి కిందే ఉంచండి. డ్రోన్ మాత్రం ఇంట్లో వదిలేయండి: బీజింగ్ నగరమంతా నియంత్రిత గగనతలం, చైనాలో ఎక్కడ ఎగరేయాలన్నా అసలు పేరుతో నమోదు తప్పనిసరి.