రెండోసారి ఓవల్బుమిన్ వేస్తే శ్వాసనాళం ఎందుకు బిగుసుకోలేదంటే

ఓవల్బుమిన్‌కి (గుడ్డు తెల్లసొన ప్రోటీన్) ముందే అలర్జీ తెప్పించిన గినీపిగ్ ట్రాకియా (శ్వాసనాళం) ముక్క మొదటి డోసుకు బాగా బిగిసింది, కడిగి మెపిరమిన్ (హిస్టమిన్‌ని అడ్డుకునే మందు) పెట్టాక రెండో డోసుకు బిగువు నమోదయ్యే గీత కదల్లేదు, కాబట్టి ఇదంతా హిస్టమిన్ పనే అన్నారు కదండీ. అలా అనుకోలేం. మొదటి డోసుకే మాస్ట్ కణాలు (హిస్టమిన్ వంటి రసాయనాలు వదిలే అలర్జీ కణాలు) స్పందించేసి, ఆ యాంటిజెన్‌కి (అలర్జీ రేపే పదార్థం, ఇక్కడ ఓవల్బుమిన్) మళ్లీ స్పందించని స్థితికి వచ్చేశాయి. మెపిరమిన్ లేకపోయినా రెండోసారి దాదాపు ఇదే జరిగేది. అనుమానముంటే మెపిరమిన్ లేని ముక్కకి చివర్లో 10 మైక్రోమోలార్ హిస్టమిన్ వేసి చూడండి, బిగుసుకుంటుంది. కండరం బాగానే ఉంది, స్పందించడం మానేసింది మాస్ట్ కణాలే.

ఒక ముక్కకి ఒకే యాంటిజెన్ డోసు. అదే జంతువు ట్రాకియా నుంచి నాలుగు రింగులు కోసి, ఒకటి కంట్రోలుగా ఉంచి, ఒక దాంట్లో మెపిరమిన్, ఒక దాంట్లో మాంటెలుకాస్ట్ (ల్యూకోట్రయీన్లనే మరో రకం బిగించే రసాయనాలను అడ్డుకునే మందు), ఇంకో దాంట్లో రెండూ 30 నిమిషాల ముందే వేయండి. రింగు వేలాడే 20 మి.లీ. ద్రవపు తొట్టి (బాత్)లో 1 మి.గ్రా./మి.లీ. ఓవల్బుమిన్ ద్రావణం 0.2 మి.లీ. పోస్తే 10 మైక్రోగ్రా./మి.లీ. అవుతుంది. మెపిరమిన్ మొదట్లో వచ్చే బిగువునే ప్రధానంగా తగ్గిస్తుంది. ఆ తర్వాత దిగకుండా సాగే బిగువు ఎక్కువగా ల్యూకోట్రయీన్లది.

ఇండోమెథసిన్ (ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే మందు) మాత్రం అలవాటుకొద్దీ కలపకండి. బిగువును అదుపు చేసే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఆగిపోయి యాంటిజెన్ స్పందన పెరుగుతుంది. కలిపితే అన్ని రింగులకీ కలపాలి. రింగు తొడిగేటప్పుడు కొక్కెం లోపలి పొరను (ఎపిథీలియాన్ని) గీరినా ఇలాంటి గందరగోళమే.