విజయనగరం హిందూ పిల్లలు అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చేరొచ్చా?

నిరభ్యంతరంగా చేరొచ్చు, అక్కడ ఏ మతం వాళ్లకైనా సీటు ఇస్తారు. అది 1920 చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ, కులమతాలు చూడకుండా అందరికీ ప్రవేశం ఉండాలని ఆ చట్టంలోనే ఉంది. దాని మూలం పంతొమ్మిదో శతాబ్దపు ముస్లిం సంస్కర్త సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పెట్టిన కాలేజీ. ముస్లింలు ఆధునిక చదువుల్లో వెనకబడ్డారన్న బాధతో పెట్టినా హిందువులనూ చేర్చుకున్నారు, పైగా అక్కడ మొట్టమొదట డిగ్రీ అందుకున్నది ఈశ్వరీ ప్రసాద్ అనే హిందువే, ఈ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడం బాధాకరం. ఖాదర్ వలీ బాబా దర్గాకు హిందువులూ వెళ్లే మన విజయనగరంలో కూడా, పేరులో ముస్లిం అని ఉంది కాబట్టి అది మదరసా అనుకుంటారు. కాదు. మతపండితుల్ని తయారుచేసే చదువు ఉత్తరప్రదేశ్‌లోని దేవబంద్ లాంటి చోట్ల ఉన్న మదరసాల్లో ఉంటుంది. అలీగఢ్‌లో మెడిసిన్, ఇంజనీరింగ్, లా అన్నీ ఉన్నాయి, మతశాస్త్రం వాటి పక్కన ఒక విభాగం, అంతే.