బండిలో పుస్తకాలు, బండితో ఇంటర్నెట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంచార గ్రంథాలయం పెట్టాలనుకుంటున్నవాళ్లు, ఇప్పటికే నడుపుతున్నవాళ్లు పంపిన ఉత్తరాల్లోంచి కొన్ని ప్రశ్నలు ఎంచుకుని ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

మా సంఘం దగ్గర ఉన్న డబ్బు తక్కువ. పాత బస్సు కొని లైబ్రరీగా మార్చమని కొందరు, చిన్న ట్రాలీ (సరుకు బండి) చాలని కొందరు అంటున్నారు. ఏది మంచిది? – పార్వతీపురం మన్యం జిల్లా పాఠకుడు

చిన్న ట్రాలీయే. గూడేల దారుల్లో బస్సు మలుపు తిరగదు. దాని డీజిలూ మరమ్మతులే మీ పుస్తకాల డబ్బును తినేస్తాయి.

ముందు బరువు లెక్క వేసుకోండి. ఆర్‌సీలో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే బండి మోయగలిగింది తెలుస్తుంది. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) 200 పేజీల తెలుగు పుస్తకం దాదాపు పావుకిలో తూగుతుంది, మందం సెంటీమీటరు పైచిలుకు. మూడడుగుల అరలో అలాంటివి 75 దాకా పడతాయి. పిల్లల బొమ్మల పుస్తకం 60, 70 గ్రాములే. 500 పెద్దవాళ్ల పుస్తకాలు, 400 పిల్లల పుస్తకాలు కలిపినా 160 కిలోలు దాటవు. చెక్క బరువు కూడా తక్కువేం కాదు. 12 ఎంఎం ప్లైవుడ్‌తో అరలు చేయిస్తే అవే వంద కిలోలు అవుతాయి. బ్యాటరీ, రేకు, మడత బల్లలు కలిపినా చిన్న ట్రాలీ హాయిగా మోస్తుంది.

అరలు అడ్డంగా, సమంగా కొట్టించొద్దు. మొదటి గతుకుకే పుస్తకాలన్నీ కింద ఉంటాయి. ఏడంగుళాల లోతున్న అరలో వెనక అంచు ముందు అంచుకన్నా ఒకటిన్నర అంగుళం కిందికి ఉండేలా వాలు పెట్టించండి. ముందు ఒకటిన్నర అంగుళాల పట్టీ, దాని పైన సాగే తాడు కట్టాలి. అరకూ అరకూ మధ్య పది అంగుళాలు చాలు. నిఘంటువులు, బౌండు పుస్తకాలు అట్టడుగు అరలో పెట్టండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో పై అర బరువుంటే బండి ఒరుగుతుంది. రెండు పక్కలా బరువు సమంగా పంచడం కూడా మరిచిపోవద్దు. పిల్లల పుస్తకాలు మాత్రం వీపు కాకుండా ముఖచిత్రం కనపడేలా, పిల్లల ఎత్తుకు అందేలా తలుపు లోపలి వైపు పెట్టాలి. చదవడం రాని పిల్ల బొమ్మ చూసే పుస్తకం తీస్తుంది.

పక్క తలుపు పైకి లేచేలా చేయిస్తే అదే ఎండకూ వానకూ చూరు అవుతుంది, పాఠకులు కిందే నిలబడి ఎంచుకుంటారు. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించుకుని తిప్పకూడదు. బాడీ మార్పుకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోండి, బీమా కంపెనీకి కూడా తెలపండి. ఇది చేయకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ నిలవకపోవచ్చు.

మొదటి నెల జనం బాగా వచ్చారు, ఇప్పుడు నలుగురైదుగురే. పుస్తకాలు బాగాలేవా? – నాగర్‌కర్నూల్ జిల్లా పాఠకురాలు

పుస్తకాల సంగతి తర్వాత, ముందు మీ రాకపోకలు చూసుకోండి. మీ ఉత్తరంలోనే ఉంది: ‘వీలున్నప్పుడు వారానికోసారి, లేకపోతే పది రోజులకోసారి’ అని. లైబ్రరీ బండి ఖాళీ అయిపోయేది దీనివల్లే. రెండు వారాలకోసారి వెళ్లినా ఫరవాలేదు, కానీ అదే వారం, అదే గంట, అదే చెట్టు కింద ఆగాలి. ఒక్కసారి తప్పినా పుస్తకం చేత్తో పట్టుకుని ఎదురుచూసిన మనిషి రెండోసారి రారు. బండి చెడిపోతే బైకు మీద రెండు సంచుల పుస్తకాలైనా పట్టుకెళ్లండి.

ఇక వేళ. పత్తి ఏరే రోజుల్లో పగలు పదకొండింటికి ఊళ్లోకి వెళితే ముసలివాళ్లు తప్ప ఎవరుంటారు? ఆడవాళ్లు కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత, దీపాలు పెట్టుకుని ఆగాలి. ఏజెన్సీలో అయితే వారపు సంత మంచి చోటు. పది గూడేలవాళ్లు అక్కడికే వస్తారు. ఒక్కోచోట కనీసం గంటసేపు ఉండండి. ఇరవై నిమిషాల్లో పుస్తకం మార్చుకోవచ్చు గానీ ఎంచుకోవడానికి అది చాలదు.

మూడోది, అవే పుస్తకాలు మళ్లీ మళ్లీ కనపడటం. బండిలో 900 ఉంటే ఇంట్లో ఇంకో 600 ఉండాలి. ప్రతి ట్రిప్పుకూ వందైనా మార్చాలి. ఒక చిన్న నోట్‌బుక్కులో ‘అడిగారు, లేదు’ అని ఒక పేజీ పెట్టండి. తర్వాత కొనే పుస్తకాలు ఆ పేజీలోంచే రావాలి. కోడిపిల్లల పెంపకం, కుట్టుపని, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాలు ఆ పేజీలో తప్పకుండా ఉంటాయి. వాటిని తక్కువగా చూడొద్దు. గైడు కోసం వచ్చిన కుర్రాడే వాళ్ల అమ్మకు కథల పుస్తకం పట్టుకెళతాడు.

రూటర్, ట్యాబులు, లైట్లకు ఎంత బ్యాటరీ కావాలి? బండి బ్యాటరీ నుంచే తీసుకుంటే రెండుసార్లు స్టార్ట్ కాకుండా మొరాయించింది. – బాపట్ల జిల్లా పాఠకుడు

బండి బ్యాటరీ ఇంజన్ తిప్పడానికే. గంటలకొద్దీ కరెంటు లాగడానికి అది చేసింది కాదు. విడిగా ఒకటి పెట్టండి.

లెక్క ఇలా చూడండి. 4జీ రూటర్ 10 వాట్లు, ఆఫ్‌లైన్ పాఠాల చిన్న కంప్యూటర్ 6, నాలుగు ట్యాబులు చార్జ్ అవుతుంటే 40, ఎల్‌ఈడీ దీపాలు 20, ఇంక్ ట్యాంక్ ప్రింటర్ 15. మొత్తం దాదాపు 90 వాట్లు. ఐదు గంటలకు 450 వాట్ అవర్లు, తీగల్లో చార్జర్లలో పోయేది కలిపితే 540. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లది తీసుకుంటే 1,280 వాట్ అవర్లు, అంటే దాదాపు రెండు రోజులకు సరిపడా. బరువు 12 కిలోల దగ్గర ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ చవకే. కానీ సగానికి మించి వాడితే త్వరగా పోతుంది, 50 కిలోలకు పైగా తూగుతుంది, గతుకుల్లో ఆమ్లం చిందుతుంది. కదిలే బండికి వద్దు. లేజర్ ప్రింటర్ కూడా వద్దు, అచ్చు వేసే క్షణంలో వందల వాట్లు లాగుతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను ప్రయాణంలో ఒరగకుండా బల్లపరుపుగా కట్టాలి, లేకపోతే ఇంకు లోపలే ఒలుకుతుంది.

చార్జింగ్‌కు చాలామంది కప్పు మీద సోలార్ ప్యానెల్ వేయిస్తున్నారు. మా సలహా వేరు. పాఠకులకు చెట్టు నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. ప్యానెల్ మీద ఒక మూల కొమ్మ నీడ పడినా చాలు, కరెంటు బాగా పడిపోతుంది. రోజుకు రెండు గంటలకు పైగా తిరిగే బండికి ప్యానెల్ కన్నా 20 ఆంపియర్ల డీసీ నుంచి డీసీ చార్జర్ మేలు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ గంటకు 250 వాట్ అవర్ల చొప్పున నింపుతుంది. కొత్త బీఎస్6 బళ్లలో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వోల్టేజీ కంప్యూటర్ చేతిలో ఉంటుంది, రిలే పెట్టి నేరుగా కలిపితే బ్యాటరీ ఎప్పటికీ సగమే నిండుతుంది. అందుకే ఈ చార్జర్. దానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. 4 మీటర్ల దూరానికి అందులో అర వోల్టు పోతుంది, 2.5 తీగ వేస్తే వోల్టు దాటి పోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అంతకన్నా దూరంగా పెడితే, మధ్యలో తీగ రాసుకుపోయి బాడీకి తగిలినా ఫ్యూజు కొట్టదు, తీగ మండుతుంది.

కొండ వెనక గూడెంలో సిగ్నల్ ఒక గీతే వస్తుంది. బజారులో బూస్టర్ అమ్ముతున్నారు, కొనమంటారా? – ఆసిఫాబాద్ జిల్లా

కొనొద్దు. అనుమతి లేకుండా మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కలవాళ్ల ఫోన్లకు కూడా అడ్డం పడుతుంది.

మీరు ఆగే సరిగ్గా ఆ చోటే అన్ని కంపెనీల సిమ్‌లతో చూడండి. గీతలు నమ్మొద్దు, రూటర్ సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలం చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంకె చూడండి. మైనస్ 85 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం. బయటి యాంటెన్నాను మూడు మీటర్ల గడ మీద పెడితే తేడా తెలుస్తుంది, కానీ సన్న కేబుల్ మీటరు మీటరుకూ సిగ్నల్‌ను మింగేస్తుంది. పది మీటర్ల కేబుల్ వేస్తే యాంటెన్నా వల్ల వచ్చిన లాభమంతా అందులోనే పోతుంది. రూటర్‌నే కప్పు దగ్గర పెట్టి కేబుల్ రెండు మీటర్లలో ముగించండి. కొన్నిసార్లు బండిని యాభై అడుగులు ముందుకు జరపడమే సగం పని చేస్తుంది.

అసలు సిగ్నలే లేని చోటికి ఇంటర్నెట్‌ను ముందే నింపుకుని తీసుకెళ్లాలి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో కివిక్స్ (ఇంటర్నెట్ లేకుండా వికీపీడియా చదివించే యాప్) ద్వారా తెలుగు వికీపీడియా మొత్తం, స్టోరీవీవర్ అనే ఉచిత పిల్లల కథల వెబ్‌సైట్‌లోంచి తెలుగు బొమ్మల కథలు, కొలిబ్రి అనే ఆఫ్‌లైన్ చదువుల సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు పెట్టుకుంటే డేటా ఖర్చు లేకుండా ఫోన్లన్నిటికీ వైఫైలో అందుతాయి. ఇది ఎక్కువగా చెడేది మెమరీ కార్డు దగ్గర. స్విచ్ ఒక్కసారిగా ఆపేస్తే కార్డు పాడవుతుంది. షట్‌డౌన్ చేశాకే ఆపాలి. అదే కార్డు రెండోది కాపీ చేసి బండిలో ఉంచుకోండి. 5 వోల్టులు 3 ఆంపియర్ల అసలు చార్జర్ వాడండి.

వైఫై ఇస్తే కుర్రాళ్లంతా వీడియోలు చూస్తున్నారు. రోజు డేటా అరగంటలో అయిపోతోంది. – పల్నాడు జిల్లా

అదంతా వీడియోలదే కాదు, కొంత ఫోన్లు తమంతట తాము చేసుకునే అప్‌డేట్లవి, ఫోటో బ్యాకప్‌లవి. రూటర్‌లో ఒక్కో ఫోనుకు వేగం పరిమితి పెట్టండి, యాప్ స్టోర్లను ఆపండి. ఇంటర్నెట్‌ను పనికి కేటాయించండి: స్కాలర్‌షిప్ దరఖాస్తు, గురుకుల ప్రవేశాలు, హాల్‌టికెట్, పింఛను వివరాలు. బండి దగ్గర మనిషికి పావుగంట వంతు పెడితే ఎవరూ తగాదా పడరు.

ఈ పనుల్లో ఒక ప్రమాదముంది. ఆధార్ పీడీఎఫ్, మార్కుల జాబితా డౌన్‌లోడ్ చేసుకుని అందరూ వాడే ట్యాబులోనే వదిలేస్తారు. ప్రతి మనిషి తర్వాతా డౌన్‌లోడ్ ఫోల్డర్ ఖాళీ చేయాలి, బ్రౌజర్ గెస్ట్ (అతిథి) మోడ్‌లోనే తెరవాలి. ఓటీపీ వాళ్లే టైపు చేయాలి, మీరు అడగకూడదు.

పాస్‌వర్డ్ బోర్డు మీద రాసిపెట్టడం కూడా మానండి. ఆ కనెక్షన్‌తో ఎవరైనా తప్పుడు పని చేస్తే పోలీసులు సిమ్ యజమాని దగ్గరికే వస్తారు. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు వాడినవారి గుర్తింపు, లాగ్ ఏడాదిపాటు ఉంచమంటాయి. 2020లో వచ్చిన పీఎం వాణి (చిన్న కేంద్రాల ద్వారా జనానికి వైఫై ఇచ్చే కేంద్ర పథకం) పద్ధతిలో చేరితే ఫోను నంబరు, ఓటీపీ నమోదు అంతా ఆ పథకంలోని యాప్ సంస్థ, ఇలాంటి కేంద్రాలను కలిపి నడిపే అగ్రిగేటర్ చూసుకుంటారు. ఆ పద్ధతిలో వైఫై ఇచ్చే చిన్న కేంద్రానికి లైసెన్సు అక్కర్లేదు.

పుస్తకాలు తిరిగి రావని డిపాజిట్ పెట్టాం. తప్పా? తడిసినవాటిని ఏం చేయాలి? – కోనసీమ జిల్లా

డిపాజిట్ తీసేయండి. యాభై రూపాయలు కూడా కూలి ఇంటికి అడ్డుగోడే. ప్రభుత్వ గ్రంథాలయాలకే కేంద్రం 2017 సాధారణ ఆర్థిక నిబంధనలు ఏడాదిలో వెయ్యి పుస్తకాలు చేతులు మారితే ఐదు పోవడం సహజమని ఒప్పుకున్నాయి. ఇంటికొక కార్డు, కార్డుకు రెండు పుస్తకాలు, జరిమానా లేదు. ఇలా నడపండి. జాబితా ఎక్సెల్‌లో చేస్తే యూనికోడ్ తెలుగులోనే టైపు చేయండి. డీటీపీకి వాడే అను ఫాంట్లలో కొట్టిన పేర్లు ఫోనులో వెతికితే దొరకవు.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు, అట్ట వంకరపోతుంది. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, నిలబెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి, కాగితాలు గంటగంటకూ మార్చండి. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది. చిరిగితే సెల్లోటేపు వేయొద్దు. ఏడాదికల్లా పసుపెక్కి, జిగురు పక్క పేజీకి అంటుకుంటుంది. మైదా లై, పల్చటి కాగితం చాలు. బైండింగ్ చేసేవాళ్లు లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, అట్టల లోపలి వైపుకు సరే గానీ పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల పుస్తకాలకు వాడకండి.

ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లలు ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు. – పెద్దపల్లి జిల్లా

ఒడియా పుస్తకాలే తీసుకెళ్లండి. స్టోరీవీవర్‌లో ఒడియా కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఒకే కథ ఒడియా, తెలుగు ప్రతులు పక్కపక్కన పెడితే పిల్లలే పోల్చి చూసుకుంటారు. వేసవి చివర బట్టీ ముగిసి వాళ్లు వెళ్లిపోతారు, కాబట్టి ఆఖరి ట్రిప్పులో పుస్తకాలు వెనక్కి అడగకుండా ఇచ్చేయండి. కోయ, గోండి, సవర గూడేలకూ ఇదే మాట. ఆ భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు ఉన్నాయి, వాటిని ముందు అరలో పెట్టండి.

పడవలో లైబ్రరీ నడిచిందని మా తాతగారు చెప్పేవారు, నిజమా? – తెనాలి పాఠకురాలు

నిజమే, అదీ మీ దగ్గరే. 1935లో పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. రోడ్లు సరిగా లేని ఊళ్లకు కాలువే దారి. అంతకు నాలుగేళ్ల ముందు, 1931 అక్టోబరులో, తమిళనాడులోని మన్నార్‌గుడిలో కనకసభై పిళ్ళై గారి ఎద్దుల బండి గ్రంథాలయం బయల్దేరింది.

మేం డాలస్‌లో ఉంటాం. ఒక కంటైనర్ నిండా పుస్తకాలు సేకరించి పంపగలం. – అమెరికా పాఠకులు

ఆ కంటైనర్ ఖర్చుతో ఇక్కడే తెలుగు పుస్తకాలు కొనివ్వండి. అక్కడి బడి పిల్లలు వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు గూడెంలో అర నింపుతాయే గానీ చదివేవాళ్లుండరు. డబ్బు పంపేముందు ఒకటి చూసుకోండి. భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదున్న సంస్థకే పంపాలి. పంపేటప్పుడు బండి మీద పేరు రాయించమని అడక్కుండా, రెండేళ్ల డీజిలూ డ్రైవరు జీతమూ కడతామని రాసివ్వండి. బండి కొనిచ్చేవాళ్లు దొరుకుతున్నారు, దాన్ని నడిపించే డబ్బుకే అందరికీ ఇబ్బంది. ఇక్కడి సంఘాలు కూడా జిల్లా గ్రంథాలయ సంస్థను అడగడం మానొద్దు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కట్టేది ఈ ఊళ్లవాళ్లు కూడా. ఆ సంస్థ పుస్తకాలు మీ బండిలో తిరగడానికి లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి.