విశాఖలో గాలానికి పడిన చేపను హైదరాబాద్ దాకా పాడవకుండా తేవడం ఎలా?

సెలవులకు విశాఖ వెళ్లి పడవలో గాలం వేశారు, వంజరమో కానాగంతలో పడ్డాయి, రాత్రి రైలుకు తిరుగు ప్రయాణం. హైదరాబాద్ చేరేదాకా చేప నిలుస్తుందా? తప్పకుండా నిలుస్తుంది. కాకపోతే రైలెక్కాక తీసుకునే జాగ్రత్తల కన్నా పడవలో మొదటి గంటలో చేసే పనే ముఖ్యం.

చేప పడగానే మొప్పల దగ్గర కోసి రక్తం కారనిచ్చి, వెంటనే ఐసులో పెట్టండి. ఎండలో బకెట్లో వదిలేయకండి. కానాగంత, ట్యూనా, వంజరం వంటి చేపల్లో వేడికి హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా, వేయించినా పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వాసన బాగానే ఉన్నా ఇది ఉండొచ్చు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒడ్డుకొచ్చాక పేగులు, మొప్పలు తీయించి కడిగించండి. ముక్కలు మాత్రం కొట్టించకండి, నిండు చేపే ఎక్కువసేపు నిలుస్తుంది. కిలో చేపకు కనీసం కిలో నలిపిన ఐసు కావాలి. చేపను కవర్లో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో కిందా పైనా ఐసు నింపండి. కవరుంటే కరిగిన నీళ్లలో నానదు. నీళ్లు కారి తోటి ప్రయాణికులకు ఇబ్బంది కాకుండా మూతకు టేపు వేయండి.

విమానంలోనైతే డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) మనిషికి 2.5 కిలోల దాకానే, అదీ విమాన సంస్థ ముందుగా ఒప్పుకుంటేనే. గ్యాస్ బయటకు పోయే సందు లేకుండా ఆ పెట్టెను మూయకూడదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. వేసవి సెలవుల్లో టికెట్లు తీసుకునే ముందే ఇది చూసుకోండి.