కొడుకు ప్రాగ్‌లో, అమ్మ నరసన్నపేటలో

విదేశీ చదువుల మీద మీ ఉత్తరాలకు, జర్మనీలో చదివి వచ్చి ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతున్న మా కాలమిస్టు జవాబులు

ప్రశ్న: చెల్లెమ్మా, మా బాబు జర్మనీలో ఎమ్మెస్‌కి ఎల్లి ఏడాది కావస్తంది. పొలం తనఖా ఎట్టి బేంకు లోను తీసినాం. మొదట్లో రోజూ ఫోను చేసీవోడు. ఇప్పుడన్నీ ఫొటోలే. ప్రాగ్ అంటాడు, పేరిస్ అంటాడు, మొన్న వియన్నా అన్నాడు. శని ఆదివారాలు హోటల్లో గిన్నెలు కడుగుతానంటాడు. మరి ఈ తిరుగుడికి డబ్బులెక్కడివి? ఆల నాన్నగారు ‘ఈడు సదవడానికెల్లినాడా, ఊర్లు సూడ్డానికెల్లినాడా’ అని నన్నడుగుతన్నారు. నానేటి సెప్పాల?
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: అప్పా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. బావగారు అడిగేది అసలు అదే కదా.

బాబు వెళ్లేముందు మీరు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం వాడి ఖర్చులకు ముందే డబ్బు కట్టి చూపించే ఖాతాలో, డబ్బు వేసే ఉంటారు. ఇప్పటి రూలు ప్రకారం ఏడాదికి 11,904 యూరోలు. యూరో వంద రూపాయల చుట్టూ ఉన్న ఈ రోజుల్లో సుమారు 12 లక్షలు. ఆ డబ్బు ఒక్కసారిగా వాడి చేతికి రాదు. నెలకు 992 యూరోలే వదులుతారు. గది అద్దె, ఇన్సూరెన్సు, తిండి అన్నీ అందులోంచే. అద్దె కట్టగానే అందులో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. మీ పొలం డబ్బుతో పేరిస్ తిరుగుతానన్నా ఆ ఖాతా తిరగనివ్వదు.

మరి ఎలా తిరుగుతున్నాడంటే, ఆ గిన్నెల మీదే. అక్కడ కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. ఒక శనివారం అయిదు గంటలు కడిగితే దగ్గర దగ్గర 70 యూరోలు. పైగా 2023 మేలో డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటి పెట్టారు. ఆ ఒక్క టికెట్‌తో నెలంతా దేశంలో ఎక్కడైనా సిటీ బస్సులు, ట్రాములు, ప్యాసింజరు రైళ్లు ఎక్కొచ్చు. మొదట్లో 49 యూరోలు, ఇప్పుడు 63. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు అది ఇంకా తక్కువ ధరకు సెమిస్టర్ ఫీజులోనే కలిసి వస్తుంది. కట్టిన డబ్బు ఎలాగూ కట్టేశాం కదా అని పిల్లలు ఆదివారం పూట ఏదో ఒక రైలెక్కేస్తారు. అక్కడ ఆదివారం దుకాణాలు ఉండవు, బజారుకెళ్దామన్నా లేదు.

మా రోజుల్లో ఈ టికెట్ లేదు. నేను డ్రెస్డెన్‌లో చదువుకున్నాను. అయిదుగురం కలిసి ఒక సాక్సనీ టికెట్ కొనేవాళ్లం, సాక్సనీ అంటే డ్రెస్డెన్ ఉన్న రాష్ట్రం. మామూలు రోజుల్లో అయితే పొద్దున్న తొమ్మిది దాటాకే రైలెక్కాలి, ఎక్స్‌ప్రెస్‌ల జోలికి పోకూడదు. ఎల్బే నది ఒడ్డున రాతి కొండల మధ్య బస్తై అని ఒక వంతెన ఉంది. అక్కడ కూర్చుని ఆవ పెట్టిన పులిహోర డబ్బా మూత తీశాం. ఆ ఘాటుకి పక్క బెంచీ మీద పెద్దావిడ లేచి వెళ్లిపోయింది. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ కూడా అదే నది పక్కన రైల్లో రెండున్నర గంటల దూరం. శ్రీకాకుళం రోడ్డులో ఎక్కి విశాఖ దాటినంత సేపు. పేరు గొప్పగా వినిపిస్తుంది గానీ, అక్కడి పిల్లలకు అది పక్కూరే.

ఫొటోల్లో కోటలూ వంతెనలూ ఉంటాయి. మంచం మీద మంచం వేసిన హాస్టల్ గదిలో ముక్కూ మొహం తెలియని వాళ్ల గురకలు వింటూ పడుకున్నదీ, రాత్రి బస్సులో మెడ పట్టేసిందీ ఎవరూ ఫొటో తీసి అమ్మకు పంపరు.

నన్నడిగితే మీరు కనిపెట్టుకోవాల్సింది తిరుగుడు కాదు. అక్కడ సబ్జెక్టు పాసైతే దానికిన్ని అని క్రెడిట్లు ఇస్తారు. ఎమ్మెస్ అంటే సాధారణంగా మొత్తం 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30. ‘ఎక్కడున్నావురా’ అనడం మాని ‘ఈ సెమిస్టర్‌లో ఎన్ని క్రెడిట్లు చేతికొచ్చాయిరా’ అని అడగండి. పాతిక దాకా వచ్చాయంటే ఊరుకోండి. పన్నెండు అన్నాడంటే ఫోను బావగారి చేతికిచ్చేయండి. మన దగ్గరలా పోయిన పేపరు ఎన్నేళ్లయినా రాసుకోవడం అక్కడ కుదరదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారి కూడా పోయిందంటే కోర్సులోంచే పేరు తీసేస్తారు. వాడు ఆ దేశంలో ఉంటున్నది ఆ కోర్సు పేరు చెప్పుకునే కదా.

పని విషయంలోనూ హద్దుంది. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 పూటలు. హోటలు వాళ్లు ‘ఇంకో రోజు రా’ అంటే లెక్క చూసుకోకుండా వెళ్లొద్దని చెప్పండి. అలాగే ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ దాకా తరగతులుండవు. అవన్నీ సెలవులేననుకుని మీరు సంబరపడొద్దు, వాణ్నీ పడనివ్వద్దు. పరీక్షలు చాలావరకు ఆ రోజుల్లోనే పడతాయి.

వాడు దేశం దాటిన ప్రతిసారీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉండాలి. షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఆ యూరప్ దేశాల మధ్య, అడిగేవాడెవడులే అనుకుంటారు పిల్లలు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, తెల్లవారుజామున రెండింటికి బస్సు ఆపి మరీ అడుగుతారు. లండన్ అన్నాడంటే మాత్రం వేరే వీసా కావాలి.

ప్రశ్న: అక్కా, మాది రాజాం. జర్మనీలో ఎమ్మెస్ రెండో ఏడాదికొచ్చాను. ఈసారి సిరిమానుకి ఇంటికి రావాలని ఉంది. రెసిడెన్స్ కార్డు సెప్టెంబరుతో అయిపోతుంది. రెన్యువల్‌కి పెట్టాను గానీ అపాయింట్‌మెంట్ రాలేదు. వచ్చేస్తే మళ్లీ లోపలికి రానిస్తారా?

జవాబు: తల్లీ, అప్లై చేశానన్న ఈమెయిల్ చూపిస్తే రానివ్వరు. రెన్యువల్ తేలేదాకా ఉండొచ్చని ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అని ఒక కాగితం ఇస్తారు, అది చేతికొచ్చాకే టికెట్ కొను. కాగితం వచ్చాక అందులో ఏ గడిలో టిక్కు పెట్టారో చూడు. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు అయితే పాత కార్డు, పాస్‌పోర్టు, ఈ కాగితం కలిపి చూపించి తిరిగి వెళ్లొచ్చు. మూడో క్లాజు అయితే బయటికి రావడమే నీ చేతిలో ఉంటుంది, తిరిగి వెళ్లడం ఉండదు. గడువు తీరకముందే పెట్టావు కాబట్టి నీది నాలుగోదే కావాలి. అయినా కళ్లతో చూసుకో.

టికెట్ జర్మనీలోనే దిగేలా కొను. మధ్యలో ఇంకో దేశంలో దిగితే అక్కడి ఆఫీసరుకు ఈ కాగితం ఏమిటో నువ్వు పాఠం చెప్పాల్సి వస్తుంది. మన ఎయిర్‌పోర్టు కౌంటర్లో అబ్బాయికి ఎలాగూ చెప్పక తప్పదు.

ఇక సిరిమాను. పైడితల్లమ్మ పండగ దసరా వెళ్లిన మంగళవారం కదా. 2025లో అక్టోబరు 7న వచ్చింది కాబట్టి తరగతులు మొదలయ్యేలోపు చూసుకుని వెళ్లినవాళ్లున్నారు. ఈసారి దసరాయే అక్టోబరు మూడో వారంలో. అప్పటికి నీ తరగతులు మొదలైపోతాయి. ల్యాబ్‌కు హాజరు తప్పనిసరి అయితే మాత్రం రావద్దనే అంటాను. అమ్మవారు ఏమీ అనుకోదు, మీ అమ్మ అనుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి మొదటిసారి వెళ్తోంది. నెయ్యి, పాలకోవా, జీడిపప్పు, ఆవకాయ, కరివేపాకు, కాస్త ఎండు చేపలు పెడదామనుకుంటున్నాం. పరవాలేదా?
– పలాస

జవాబు: నెయ్యి, కోవా తీసేయండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, పొడి కొట్టి పెట్టండి. విచిత్రమేమిటంటే ఆ పచ్చి సరుకుల నిషేధంలో కొబ్బరికాయకు మినహాయింపుంది, అరటిపండుకీ ఉంది. జీడిపప్పు వేయించి పెట్టండి. ఆవకాయ నాలుగు కవర్లలో చుట్టండి, నూనె కారితే పోయేది బట్టలే. ఎండు చేపలు మనిషికి 20 కిలోల దాకా తీసుకెళ్లొచ్చు. కస్టమ్స్ వాళ్లు ఊరుకుంటారు, హాస్టల్లో పక్క గది వాళ్లే ఊరుకోరు.

ప్రశ్న: మా మనవరాలు జర్మనీలో చదువుతోంది. పూజయ్యాక ఆరింటికి ఫోను చేస్తే ఒక్కరోజూ ఎత్తదు. కోపమా?
– బొబ్బిలి

జవాబు: తాతగారూ, మీ పొద్దున్న ఆరు అంటే అక్కడ చలికాలంలో రాత్రి ఒంటిగంటన్నర, ఎండాకాలంలో రెండున్నర. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం వాళ్లు గడియారాలు మారుస్తారు, అందుకే ఆ తేడా. భోజనం చేసి రాత్రి తొమ్మిదికి చేయండి, అక్కడ సాయంత్రం నాలుగున్నరో అయిదున్నరో అవుతుంది. ఆదివారమైతే మధ్యాహ్నం రెండుకి కూడా చేయొచ్చు, గదిలోనే ఉంటుంది. లేచి ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.