ప్రోత్సహిస్తూ మాట్లాడే థెరపీతో నిజంగా మేలు జరుగుతుందా?

‘సపోర్టివ్ థెరపీ అంటే డబ్బిచ్చి నాలుగు మంచి మాటలు చెప్పించుకోవడమే కదా?’ అని ఒకరు నన్ను అడిగారు. కాదు. మంచి మాటలు నాకు ఊరికే బోలెడు దొరికాయి, ఒక్కటీ పనిచేయలేదు. మా తమ్ముడు పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ‘ధైర్యంగా ఉండాలి’, ‘నువ్వే ఇలా అయిపోతే అమ్మ గతి ఏమిటి’ అనే చెప్పి వెళ్ళారు. అంతకన్నా పెద్ద కష్టాలు పడ్డవాళ్ళ కథలు కూడా చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఇంకొకరి దుఃఖాన్ని కొలబద్దగా చూపించే అలవాటు ఎందుకు పోదో నాకు అర్థం కాదు.

కొన్ని వారాలకు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆవిడ ‘నిన్న ఏం చేశారు?’ అని అడిగారు. ‘ఏమీ చేయలేదండి’ అన్నాను. ‘సరే, లేచినప్పటి నుంచి చెప్పండి’ అన్నారు. ఆలస్యంగా లేచాను, అమ్మ మందులు డబ్బాలో సర్దాను, మళ్ళీ పడుకున్నాను, తమ్ముడి ఖాతా గురించి బ్యాంకు వాళ్ళు ఫోను చేస్తే రేపు మాట్లాడతానని పెట్టేశాను. అంతే, దండగ రోజు అన్నాను.

ఆవిడ అక్కడ ఆపారు. ‘పోయిన వారం అదే నంబరు చూసి ఫోను బోర్లా పెట్టేశానన్నారు. నిన్న తీశారు. ఎలా తీయగలిగారు?’

‘శభాష్’ అని ఉంటే నేను అక్కడితో ముడుచుకుపోయేదాన్ని. శభాష్ అనిపించుకునే పని కాదని నాకు తెలుసు. ఆవిడ అడిగింది మాత్రం నిజంగా జరిగిన విషయం, కాదనడానికి లేదు. ఆలోచించి, ‘నేను తీయకపోతే అమ్మకు చేస్తారు కదా’ అన్నాను. ‘అంటే అమ్మ దాకా అది వెళ్ళకుండా మీరు అడ్డుపడ్డారు’ అన్నారు. చాలా రోజుల తర్వాత నా గురించి నేను నమ్మగలిగిన మాట అది.

తర్వాత ఇద్దరం కలిసి కాగితం మీద మూడు వాక్యాలు రాశాం. ‘ఖాతాదారు మా తమ్ముడు. చనిపోయాడు. ఖాతా మూయడానికి ఏ పత్రాలు కావాలో చెప్పండి.’ ఆవిడ బ్యాంకు ఉద్యోగిలా, నేను నాలా మాట్లాడాం. రెండో వాక్యం దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ‘అక్కడ ఆగిపోతే ఒక్క నిమిషం అని అడగండి, వాళ్ళు ఆగుతారు’ అన్నారు. మర్నాడు సరిగ్గా అక్కడే ఆగాను. ఒక్క నిమిషం అడిగాను. ఆగారు.

ఈ థెరపీ పనిచేసే తీరు ఇదే. మనిషిలో ఇంకా మిగిలి ఉన్న బలాన్ని వెతికి పట్టుకుంటారు, రాబోయే కష్టమైన ఘట్టానికి ముందుగా సిద్ధం చేస్తారు, మోయగలిగినంత పనే చేతికిస్తారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌తో 1911లో తెగతెంపులు చేసుకున్న ఆస్ట్రియా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్, నిరుత్సాహపడిన మనిషిలో ధైర్యాన్ని మళ్ళీ మేల్కొల్పడాన్నే చికిత్సకు ఆయువుపట్టుగా చూశారు. నా మటుకు నాకు ఆయన మాటే సరైనదనిపిస్తుంది.

అయినా దీనికి రెండో తరగతి మర్యాదే దక్కుతోంది. బాల్యం దాకా తవ్వితేనే అసలైన చికిత్స అనీ, ఇది కాలక్షేపమనీ కొందరి భావన. ఇల్లు కాలుతున్నప్పుడు పునాది ఎలా వేశారో విచారిస్తారా? అమెరికాలో మెనింగర్ ఫౌండేషన్ అనే మానసిక వైద్య సంస్థ వారు 42 మంది రోగులను ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలను 1986లో ప్రచురించిన రాబర్ట్ వాలర్‌స్టైన్ స్వయంగా మనోవిశ్లేషకుడు, అంటే ఆ లోతుగా తవ్వే పద్ధతి మనిషే. లోతైన విశ్లేషణ అనుకున్న చికిత్సల్లోనూ ఆసరా ఇచ్చే పద్ధతులే ఊహించినదానికన్నా ఎక్కువగా పనిచేశాయనీ, వాటితో వచ్చిన మార్పులూ నిలకడగా ఉన్నాయనీ ఆయనే చెప్పారు. తవ్వకాలకు తట్టుకోలేక థెరపీ మధ్యలో మానేసిన వారిలో సగం మందికి ముందు కావలసింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అన్నిటికీ ఇదే మందని మాత్రం అనను. చేతులు పదే పదే కడుక్కునే ఓసీడీ లాంటి సమస్యలో ‘ఏమీ కాదులెండి’ అని భరోసా ఇచ్చేకొద్దీ జబ్బు ముదురుతుంది, దానికి వేరే శిక్షణ ఉన్న థెరపిస్టు కావాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వెంటనే డాక్టరును కలవాలి, మాటల చికిత్స ఆ వైద్యంతో పాటే సాగాలి.

ఇంకొక్క మాట. మా బంధువుల అమ్మాయి వెళ్ళిన చోట కౌన్సెలర్ ప్రతిసారీ ‘మీరు చాలా స్ట్రాంగ్’ అని పంపించేసేవారట. వారంలో ఏం జరిగిందో అడిగిన పాపాన పోలేదు. అది ప్రోత్సాహం కాదు, అలాంటి వాళ్ళ వల్లే ఈ పద్ధతికి చెడ్డపేరు. మీరు వెళ్ళేటట్లయితే, పోయినసారి మీరు చెప్పిన చిన్న విషయం వారికి గుర్తుందో లేదో చూడండి. రెండు మూడు సార్లు కలిశాక కూడా మొదటి నుంచి చెప్పించుకుంటుంటే మొహమాటపడకుండా వేరే వారిని వెతుక్కోండి.