ర్యాకులు కొనే ముందు

అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. గోదాములో ఎన్ని ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పీటలు) పడతాయో మూడింటిలోనూ పెద్ద అక్షరాలతో రాశారు. అడిగిన ప్యాలెట్టు ఎంతసేపట్లో బయటికి వస్తుందో మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లుగా గోదాముల్లో తిరిగి నేను నేర్చుకున్నదంతా ఆ రెండో లెక్క చుట్టూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు కొటేషన్లు పక్కన పెట్టి సరుకుల జాబితా ముందు వేసుకో. ఒక్కో రకానికి ఎన్ని ప్యాలెట్లు ఉంటాయి, ఒక్కోటి ఎంత ఎత్తు, ఎంత బరువు, వారంలో ఎన్నిసార్లు కదులుతుంది, గడువు తేదీ ఉందా లేదా రాసుకో. నువ్వు ఫోనులో చెప్పినదాన్ని బట్టి నీ దగ్గర రకాలు ఎక్కువ, రకానికి ప్యాలెట్లు తక్కువ. అలాంటి గోదాముకు మామూలు సెలెక్టివ్ ర్యాకే సరిపోతుంది. ప్రతి ప్యాలెట్టూ నడవాలోంచి నేరుగా చేతికందుతుంది, ఒకదానికొకటి అడ్డు రావు. నడవాలు చాలా చోటు తినేస్తాయన్నది నిజమే. వెనక బరువు దిమ్మె ఉండే కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ తిరగాలంటే మూడున్నర, నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. ఫోర్కులు ముందుకు చాచే రీచ్ ట్రక్కుకు మూడు మీటర్ల లోపు చాలు. రెండు మీటర్ల లోపు నడవాల్లో నడిచే బండ్లూ ఉన్నాయి గానీ, వాటికి నేల చాలా చదునుగా ఉండాలి. నేలలో పిసరంత ఎగుడు ఉన్నా పైన ఎత్తిన ఫోర్కు దగ్గర అది పెద్ద ఊగుడవుతుంది. అందుకే బండి ఏదో తేలకుండా ర్యాకుల ప్లాను గీయించవద్దు.

రెండో కొటేషన్‌లోని డ్రైవ్-ఇన్ ర్యాకు చూసి నువ్వు ఆశపడ్డావని నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలాగే ఆశపడ్డాను. అందులో ఫోర్క్‌లిఫ్ట్ ర్యాకు లోపలికే వెళ్లి, పట్టాల మీద ఒకదాని వెనక ఒకటిగా ప్యాలెట్లు పెట్టి వస్తుంది. నేను ఆరు ప్యాలెట్ల లోతున వేయించాను. కాగితం మీద లెక్క చూసి మురిసిపోయాను. తీరా చూస్తే, ఒక వరుసలో ఒకే రకం ఉంచాలి, చివర పెట్టిందే ముందు తీయాలి. మా దగ్గర వందకు పైగా రకాలు. చాలా వరుసల్లో రెండేసి ప్యాలెట్లు పెట్టగానే ఆ రకం అయిపోయేది, మిగతా నాలుగు చోట్లూ ఖాళీ. లోపల చిక్కిన పాత సరుకు కావాలంటే ముందున్నవన్నీ తీసి నడవాలో పేర్చాలి, పని అయ్యాక మళ్లీ సర్దాలి. ఏడాది తిరగకుండానే సగం విప్పించేశాను. ఒకే సరుకు వందల ప్యాలెట్లుగా వచ్చిపోయే శీతల గిడ్డంగిలో అదే ర్యాకు బంగారంలా పనిచేస్తుంది, అది వేరే సంగతి.

లోతుగా పేర్చే మిగతా పద్ధతులకూ ఇదే చిక్కు, కాస్త హెచ్చుతగ్గులతో. డబుల్ డీప్‌లో రెండేసి ప్యాలెట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకది తీయాలంటే ముందుది తీయాలి, ఫోర్కులు అంత దూరం చాచే బండీ కావాలి. పుష్-బ్యాక్‌లో కొత్తది పాతదాన్ని ర్యాకులోనే ఉండే చక్రాల పీట మీద వెనక్కి నెడుతుంది, కాబట్టి చివర పెట్టిందే ముందు వస్తుంది. గడువు తేదీ సరుకుకు ప్యాలెట్ ఫ్లో మంచిది. రోలర్ల మీద మీటరుకు సుమారు నాలుగు సెంటీమీటర్ల వాలు ఉంటుంది. వెనక నుంచి పెట్టింది మెల్లగా జారుతూ ముందుకు వస్తుంది, ముందు వచ్చింది ముందే పోతుంది. కానీ ప్యాలెట్టు అడుగు చెక్క ఒకటి విరిగినా దారి మధ్యలో ఇరుక్కుంటుంది. నీకు వచ్చే ప్యాలెట్లు ఎలా ఉంటాయో చూసుకున్నాకే దాని మాట ఎత్తు.

పైపులు, కడ్డీలు, పలకల వంటి పొడవు సరుకుకు కాంటిలీవర్ తప్ప మరొకటి వద్దు. ముందు స్తంభం అడ్డం ఉండదు, చేతుల్లాంటి ఆధారాల మీద సరుకు ఆనుతుంది. చేత్తో తీసే చిన్న పెట్టెలకు లాంగ్‌స్పాన్ అరలు చాలు. ఇంకా తేలికవాటికి రంధ్రాల యాంగిళ్లతో బిగించే పాతకాలపు అరలు ఉండనే ఉన్నాయి. నాకు వాటి మీద చెప్పలేనంత అభిమానం. ఒక స్పానరు చాలు, ఆదివారం మధ్యాహ్నానికల్లా రూపం మార్చేయవచ్చు.

ఇక కొలతల సంగతి. నీ ప్యాలెట్లు 1200 × 800 మిల్లీమీటర్లవి. 800 వైపు నడవాకు చూపి మూడు పెడితే 2400. రెండు చివర్లా, మధ్యలో రెండు చోట్లా 75 చొప్పున ఖాళీ వదిలితే మరో 300. మొత్తం 2700, నీకు కావలసిన బీము (ప్యాలెట్లు ఆనే అడ్డ దూలం) పొడవు అదే. మూడో కొటేషన్‌లో 2500 బీము మీద మూడు ప్యాలెట్లు చూపించారు. అంటే ఒక్కో సందుకు పాతిక మిల్లీమీటర్లే. రాత్రి షిఫ్టులో అలసిన డ్రైవరు పాతిక మిల్లీమీటర్లలో పెట్టలేడు, స్తంభానికి రాసుకుంటూ పెడతాడు.

బరువూ లెక్కేయి. ప్యాలెట్టు 800 కిలోలైతే ఒక అంతస్తుకు 2400. బీముల అంతస్తులు నాలుగైతే రెండు ఫ్రేముల (జంట స్తంభాల) మధ్య ఉండే ఒక గదికి 9600 కిలోలు. మధ్య ఫ్రేముకు ఇటు సగం, అటు సగం వచ్చి పడుతుంది కాబట్టి దాని రెండు కాళ్లలో ఒక్కోదాని మీద 4800. కాలి అడుగున ఉండే అరచేయంత బేస్‌ప్లేటు కింద దాదాపు ఐదు టన్నులు! నేల కాంక్రీటు మందం, దాని బలం చూసి ఇంజనీరు సరేనన్నాకే యాంకర్ బోల్టులకు రంధ్రాలు వేయించు.

బిగించిన తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఎత్తు సరుకు వచ్చింది, అడుగు బీమును కాస్త పైకి జరుపుదామా?" ఒప్పుకోకు. స్తంభం ఎంత మోస్తుందన్నది నేలకూ మొదటి బీముకూ మధ్య ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. సన్నటి స్తంభానికి ఆధారం లేని పొడవు రెట్టింపైతే, వంగకుండా మోసే బరువు నాలుగో వంతుకు పడిపోతుందని పుస్తకాల లెక్క. ర్యాకులో అంతే నిష్పత్తిలో పడిపోకపోవచ్చు, కానీ తగ్గడం మాత్రం ఖాయం. తయారీదారుతో మళ్లీ లెక్క కట్టించి, ఎంత బరువు పెట్టవచ్చో రాసి ర్యాకుకు తగిలించే పలక మార్పించాకే బీము జరపాలి.

బీము చివర కొక్కేల దగ్గరుండే సేఫ్టీ పిన్నులు ఒక్కోటీ వేలితో తాకి చూడు. కింద నుంచి ఫోర్కు తగిలితే బీము ఊడి రాకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. దాని స్థానంలో మేకు, కట్టుతీగ దూర్చినవి నేను చాలా చూశాను.

ఒక మీటరు స్టీలు పట్టీ కొని ఆఫీసు గోడకు తగిలించుకో. వారం వారం దెబ్బ తగిలిన స్తంభానికి ఆనించి చూడాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం, నడవా వైపు నుంచి లోపలికి వంపు 3 మిల్లీమీటర్లు, బీముల దిశలో 5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే, అక్కడి సరుకు దించాక బాగుచేసేదాకా మళ్లీ నింపవద్దు. రెట్టింపు దాటితే అప్పటికప్పుడే ఖాళీ చేయించు. వేడి చేసి సుత్తితో సాపు చేస్తామనేవాళ్లను గుమ్మంలోంచే పంపించేయి, స్తంభం మార్పించు. డ్రైవరు గుద్దానని తనంతట తాను వచ్చి చెబితే కేకలు వేయకు, రెండోసారి చెప్పడు.

మంటలార్పే నీటి స్ప్రింక్లర్లకూ సరుకు పైభాగానికీ మధ్య 45 సెంటీమీటర్లయినా వదలాలి, కొన్ని రకాలకు 90 కావాలి. నీవి ఏ రకమో నాకు చెప్పలేదు. అది కనుక్కుని, సరుకుల జాబితా, నేల ప్లాను, ఫోర్క్‌లిఫ్ట్ మోడలు కలిపి పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఇట్లు,
పెద్దనాన్న